రేడియేషన్ తర్వాత మళ్ళీ వచ్చిన గొంతు క్యాన్సర్: లేజర్ చేయించుకున్నవాళ్ళు ఉన్నారా?

పెద్దకూతురు
అందరికీ నమస్తే. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నకి 64. నిరుడు ఎడమ స్వరతంత్రి మీద క్యాన్సర్ బయటపడింది. టీ1, తొలిదశ అన్నారు. 33 సిట్టింగుల రేడియేషన్, మొత్తం మోతాదు 66 గ్రే. మెడ నల్లబడింది, గుటక వేస్తే మంట, అన్నీ దాటేశాం. మూడో నెలకి గొంతు తేరుకుంది. పొద్దున్నే ఫోన్ చేసి "అమ్మాయ్" అని పిలిస్తే పాత నాన్నే.

ఇప్పుడు పదకొండో నెల. ఆరు వారాలుగా మళ్ళీ బొంగురు. జలుబేమో అనుకుని రెండు వారాలు పోగొట్టాం. కెమెరా పెట్టి చూసి, ముక్క తీసి పంపితే మళ్ళీ అదే అని వచ్చింది. ఒక డాక్టర్ స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. రెండో డాక్టర్ నోట్లోంచి లేజర్‌తో తీయొచ్చేమో, కానీ ముందు స్కాన్ చూడాలన్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్ళే. ఎవరి మాట వినాలో తెలియక మూడు రాత్రులుగా నిద్ర లేదు.

రేడియేషన్‌ని కరెంటు పెట్టడం అంటారు నాన్న. ఆయన మాత్రం ఒక్కటే అడుగుతున్నారు: "లేజర్ అంటే మళ్ళీ కరెంటు పెట్టడమేనా? ఇంకోసారి నావల్ల కాదు."

పాతగొంతు
అమ్మా, ముందు మీ నాన్నగారికి ఈ ముక్క చెప్పండి. లేజర్ కరెంటు పెట్టడం కాదు. అది కత్తి. ఉక్కు కత్తి బదులు వెలుగుతో కోస్తారు, అంతే. మత్తులో ఉంటాం, మనకేమీ తెలియదు. మెడ మీద కోత ఉండదు.

నాది కూడా ఇదే కథ. రేడియేషన్ అయిన పద్దెనిమిదో నెలలో తిరగబెట్టింది. లేజర్ చేయించుకుని ఆరేళ్ళు దాటింది. ఒక్కసారితో అయిపోలేదు, రెండుసార్లు చేశారు. గొంతు గరగరగానే ఉంటుంది, గోలగా ఉన్నచోట నా మాట ఎదుటివాళ్ళకి అందదు. కానీ నా ముక్కుతోనే ఊపిరి పీలుస్తున్నాను, నా గొంతుతోనే మాట్లాడుతున్నాను.

నాకు కుదిరింది కాబట్టి అందరికీ కుదురుతుందని మాత్రం అనను. పుండు ఎక్కడుంది, ఎంత లోతు, స్వరతంత్రి కదులుతోందా లేదా, ఈ మూడూ తెలిస్తేగానీ ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఈఎన్‌టీ_సర్జన్
పాతగొంతు గారు చెప్పింది సరైన మాట. కాస్త వివరంగా రాస్తాను.

వాడేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. దాన్ని 1964లో బెల్ ల్యాబ్స్‌లో కుమార్ పటేల్ గారు కనుక్కున్నారు. స్వరపేటిక మీద దాని వాడకం గురించి 1972లో బోస్టన్ వైద్యులు స్ట్రాంగ్, జాకో రాశారు. దీని వెలుగు కంటికి కనిపించదు, తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. నీరు దాన్ని ఇట్టే పీల్చేసుకుంటుంది. మన కణజాలంలో ఎక్కువభాగం నీరే కనుక, తగిలినచోట పైపొర ఆవిరైపోతుంది, లోపలికి పెద్దగా దిగదు. సన్న రక్తనాళాలు అక్కడికక్కడే మూసుకుపోతాయి. మైక్రోస్కోప్‌లో చూస్తూ కోస్తాం కాబట్టి ఎక్కడ ఆపాలో కంటికి తెలుస్తుంది.

క్యాన్సర్ గడ్డను మధ్యలో కోయకూడదని మాకు మొదటి నుంచీ నేర్పేవారు. జర్మనీలో స్టైనర్ అనే సర్జన్ దాన్ని కాదని, గడ్డను కావాలనే లేజర్‌తో అడ్డంగా కోసి, ఎంత లోతుకు దిగిందో చూసి, ముక్కలుగా తీసే పద్ధతిని నిలబెట్టారు. రేడియేషన్ తర్వాత తిరగబెట్టినవాళ్ళకీ అదే చేశారు. ఇవాళ మేం చేస్తున్నది చాలావరకు ఆ పద్ధతే.

ఇక అసలు విషయం. రేడియేషన్ తగలని గొంతులో పుండు ఒకచోట గడ్డలా ఉంటుంది, అంచు తెలుస్తుంది. రేడియేషన్ తగిలిన గొంతులో వచ్చేది అలా ఉండదు. చాలామందిలో అక్కడో చుక్క, ఇక్కడో చుక్కగా, పైపొర కింద దాక్కుని ఉంటుంది. చుట్టూ వాపు, మచ్చ. మైక్రోస్కోప్‌లో కూడా ఏది మచ్చో ఏది క్యాన్సరో విడదీయడం కష్టం. అందుకే పైకి కనిపించినదానికంటే లోపల ఎక్కువే ఉందని చాలాసార్లు ఆపరేషన్‌లో తేలుతుంది. మొదటి డాక్టర్ గారు మొత్తం తీసేద్దామన్నది ఆ భయంతోనే అయ్యుంటుంది. ఆ భయం న్యాయమైనదే.

లేజర్‌కి తగిన కేసు ఏదంటే: చిన్నది, కదిలే స్వరతంత్రి మీద ఉన్నది, మృదులాస్థిని (స్వరపేటిక గోడలోని మెత్తటి ఎముకని) ముట్టనిది, మెడలో గ్రంథులు ఉబ్బనిది. వీటన్నిటికంటే ముందు, నోట్లోంచి గొంతులోకి పెట్టే ఇనుప గొట్టంలోంచి సర్జన్‌కి పుండు మొత్తం కనబడాలి. కనబడనిదాన్ని లేజర్ కోయలేదు. రేడియేషన్ తర్వాత మెడ బిగుసుకుని వెనక్కి వంగకపోయినా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా సగం కనబడదు.

పెద్దకూతురు గారూ, డాక్టర్‌ని మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: "మీకు మొత్తం కనబడుతుందా?"

మాఆయనకోసం
నేను రాసేది మీకు నచ్చకపోవచ్చు. అయినా రాయాలి.

మా ఆయనకి రేడియేషన్ తర్వాత తిరగబెడితే లేజర్ అన్నారు. మొత్తం తీసేయనక్కర్లేదన్న ఆ ఒక్క మాటకి మేం పొంగిపోయాం. ఇంకేమీ అడగలేదు. పుండు ముందు భాగంలో, రెండు స్వరతంత్రులూ కలిసే మూల దగ్గర ఉంది. అది కష్టమైన చోటని మాకెవరూ చెప్పలేదు. మొదటి లేజర్‌కి ముందు సీటీ కూడా తీయలేదు. మూడు నెలలకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ లేజర్. ఇంకో రెండు నెలలకి ఊపిరి ఆడక రాత్రికి రాత్రి తీసుకెళ్తే, అప్పటికి మృదులాస్థిలోకి దిగిపోయింది.

స్వరపేటిక మొత్తం తీశారు. రేడియేషన్ తగిలిన కణజాలం కదా, కుట్లు మానలేదు. గుటక వేస్తే ఉమ్మి మెడలోంచి బయటికి కారేది. ఐదు వారాలు ముక్కు గొట్టంతోనే ఆహారం. పూటకు రెండుసార్లు గాజుగుడ్డ మార్చేదాన్ని. ఛాతీ నుంచి కండ తెచ్చి వేశాక మానింది.

ఆయన ఇప్పుడు బాగున్నారు. మాట కోసం వాల్వు పెట్టించాం, మెడ దగ్గర కన్నం మీద వేలు పెట్టి మాట్లాడతారు. రోజూ నాతో గొడవ కూడా పడతారు. కానీ ఆ ఐదు నెలలు పోగొట్టుకున్నామన్న బాధ నాకు పోలేదు. గొంతు మిగులుతుందన్న ఆశతో ప్రాణం మీదకి తెచ్చుకోవద్దు, దయచేసి.

పాతగొంతు
అమ్మా, మీరు పడ్డది చదువుతుంటే చేతులు ఆడలేదు. మీరు రాయకపోతే నా ఒక్కడి కథే చూసి అందరూ లేజర్ వైపు పరుగెత్తేవాళ్ళు. నాది స్వరతంత్రి మధ్యభాగంలో ఉంది, ముందు మూల పూర్తిగా ఖాళీ. ఆ తేడా నేను ముందే రాయాల్సింది.

ఈఎన్‌టీ_సర్జన్
మాఆయనకోసం గారూ, మీరు చెప్పిన ఆ మూలని యాంటీరియర్ కమిషర్ అంటాం. మిగతాచోట్ల స్వరతంత్రికీ మృదులాస్థికీ మధ్య ఒక గట్టి పొర కాపలా ఉంటుంది. సరిగ్గా ఆ మూలలో ఆ పొర ఉండదు. క్యాన్సర్ అక్కడికి చేరితే మృదులాస్థిలోకి దారి దగ్గర. పైగా గొట్టంలోంచి అన్నిటికంటే సరిగ్గా కనబడనిది కూడా ఆ మూలే. తిరగబెట్టిన కేసుల్లో లేజర్ ఎక్కువగా విఫలమయ్యేది అక్కడే. సీటీ లేకుండా ఆ చోట లేజర్ మొదలుపెట్టడం సరికాదు, మీ బాధలో న్యాయం ఉంది.

అంకెలు అడుగుతారని తెలుసు. తిరగబెట్టిన కేసుల్లో మొదటి లేజర్‌తోనే జబ్బు అదుపులోకి వచ్చేది సుమారు సగం మందికి, కాస్త అటూఇటూగా. మళ్ళీ లేజర్ చేసినవాళ్ళని కూడా కలిపితే ఇంకొంత పెరుగుతుంది. మిగిలినవాళ్ళకి పెద్ద ఆపరేషన్ తప్పదు. ఇది కూడా కేసులను ఏరుకున్నాక వచ్చే ఫలితం, అందరినీ కలిపితే కాదు.

లేజర్ చేశాక అవసరమైతే మొత్తం తీసే ఆపరేషన్‌కి దారి మూసుకుపోదు. అయితే ఆ దారి తెరిచి ఉండాలంటే ప్రతినెలా చూపించుకోవాలి. ఆలస్యమైతే ఆ ఆపరేషన్‌తో కూడా పట్టుకోలేం.

చిన్నకోడలు
లేజర్‌కీ మొత్తం తీసేయడానికీ మధ్యలో ఇంకేమీ లేదా?

ఈఎన్‌టీ_సర్జన్
ఉందండీ. మెడ తెరిచి, స్వరపేటికలో కొంత భాగమే తీసే ఆపరేషన్లున్నాయి. ముందు మూల దాటినవాళ్ళకి కొందరిలో అదే మంచి దారి. కానీ కోలుకోవడం చాలారోజులు పడుతుంది, మింగడం మళ్ళీ నేర్చుకోవాలి, ఊపిరితిత్తులు గట్టిగా ఉండాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళకీ, బాగా వయసు మళ్ళినవాళ్ళకీ చేయడానికి వెనకాడతాం. మళ్ళీ రేడియేషన్ ఇవ్వడం మాత్రం ఆపరేషన్ కుదరని కొద్దిమందికే.

పెద్దకూతురు
ఇన్ని రోజులు రాయలేకపోయాను, ఏమీ అనుకోవద్దు. రెండో డాక్టర్ 1 మిల్లీమీటర్ పొరలుగా సీటీ స్కాన్ తీయించారు. రేడియేషన్ సెంటర్ నుంచి పాత రిపోర్టులు తెప్పించి, రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి మాకు చూపించారు. మృదులాస్థి బాగుందట. మెడలో గ్రంథులేవీ ఉబ్బలేదు. స్వరతంత్రి కదులుతోంది. పుండు ముందు మూలకి కొద్దిగా ఇవతలే ఆగిందట. "కొద్దిగా" అంటే ఎంత అని అడిగాను. 2 మిల్లీమీటర్లు అన్నారు.

మాఆయనకోసం గారూ, మీ పోస్టు ప్రింట్ తీసుకుని వెళ్ళాను. ప్రతి వాక్యం దగ్గరా ఆగి అడిగాను. ఆయన విసుక్కోలేదు, అన్నిటికీ జవాబు చెప్పారు.

ఒక్కటే టెన్షన్. మత్తిచ్చి లోపల చూశాక అనుకున్నదానికంటే ఎక్కువ ఉంటే? అప్పటికప్పుడు మొత్తం తీసేస్తారా?

ఈఎన్‌టీ_సర్జన్
తీయకూడదు. ముందుగా మీ నాన్నగారితో మాట్లాడి, ఆయన సరేనని సంతకం పెడితే తప్ప. మామూలుగా అయితే ముక్కలు తీసి, ఆపి, మత్తులోంచి లేపుతాం. తర్వాత కూర్చుని మాట్లాడుకుంటాం. మనిషి లేచేసరికి గొంతు లేకుండా పోవడం అనేది ఆయనకి తెలియకుండా జరగకూడదు. ఈ మాట సంతకం పెట్టే కాగితం మీద రాయించండి. మీతో మాట్లాడటం కాదు, ఆయనతోనే మాట్లాడమనండి.

మత్తుడాక్టర్
నేను మత్తు వైపు మనిషిని. ఇంట్లోవాళ్ళు ఎవరూ అడగని సంగతి ఒకటి చెప్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే భయం తగ్గుతుంది.

లేజర్, ఆక్సిజన్, ప్లాస్టిక్ గొట్టం, ఈ మూడూ ఒకేచోట ఉంటే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంటుంది. అందుకే లేజర్‌కి తట్టుకునే ప్రత్యేకమైన గొట్టం వేస్తాం. దాని చివరనుండే బుడగలో గాలి బదులు సెలైన్ నింపుతాం, అందులో నీలం మందు కలుపుతాం. పొరపాటున కిరణం తగిలి బుడగ పగిలితే నీలం నీళ్ళు బయటికి వస్తాయి, వెంటనే తెలిసిపోతుంది, ఆ నీళ్ళే నిప్పుని ఆపుతాయి. ఆక్సిజన్ 30 శాతం దాటనివ్వం. పేషెంట్ కళ్ళ మీద తడి గాజుగుడ్డ, మొహం చుట్టూ తడి గుడ్డలు, గొంతులో గొట్టం చుట్టూ తడి దూది. నా పక్కన సిరంజీలో నీళ్ళు రెడీగా ఉంటాయి. లేజర్ వేసే ప్రతిసారీ సర్జన్ పైకి చెప్తారు, మేం సరే అన్నాకే కాలు పెడల్ మీద పడుతుంది.

పళ్ళు కదులుతుంటే ముందే చెప్పండి. సర్జన్ లోపల చూడటానికి పెట్టే ఇనుప గొట్టం పై పళ్ళకి ఆనుకుని ఉంటుంది.

గొంతుశిక్షణ
నేను స్పీచ్ థెరపిస్టుని. పెద్దకూతురు గారూ, ఆపరేషన్ అయ్యాక కాదు, ముందే ఒకసారి థెరపిస్టుకి చూపించండి. ఇప్పటి గొంతు రికార్డు చేస్తారు, మింగడం ఎలా ఉందో చూస్తారు. తర్వాత పోల్చుకోవడానికి అది చాలా ముఖ్యం.

లేజర్ తర్వాత సైగలతో సరిపెట్టుకోమంటే అందరూ గుసగుసగా మాట్లాడటం మొదలుపెడతారు. గుసగుసలు వద్దు. గుసగుసలో గొంతు ఇంకా ఎక్కువ బిగుసుకుంటుంది. పలకో, ఫోనో దగ్గర పెట్టండి.

స్వరతంత్రి ఎంత తీశారన్నదాన్ని బట్టి గొంతు ఉంటుంది. యూరప్ సర్జన్లు దీన్ని ఒకటి నుంచి ఆరు రకాలుగా విభజించారు. ఒకటో రకంలో పైపొర మాత్రమే పోతుంది, నాలుగో రకంలో ఒకవైపు స్వరతంత్రి అంతా పోతుంది. డిశ్చార్జ్ కాగితంలో ఏ రకమో రాసి ఉందో లేదో చూడండి. తీసినచోట మచ్చకట్టి గట్టిపడితే రెండో స్వరతంత్రి దాని దగ్గరికి వచ్చి ఆనుకోవడం నేర్చుకుంటుంది. రేడియేషన్ తగిలినవాళ్ళలో ఇది నెమ్మదిగా జరుగుతుంది, నెలలు పట్టొచ్చు. నీళ్ళు తాగితే పొలమారుతుంటే మాత్రం ఓర్చుకుని కూర్చోవద్దు, వెంటనే చెప్పండి.

మాఆయనకోసం
పెద్దకూతురు గారూ, మీరు స్కాన్ వివరాలు రాశాక మనసు కాస్త కుదుటపడింది. మాకు చేయనిది మీకు చేశారు. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

పెద్దకూతురు
ఆపరేషన్ అయిపోయింది.

ముందురోజు రాత్రి నాన్న గదిలో లైటు వెలుగుతోంది. తలుపు దగ్గరికి వెళ్ళి చూస్తే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మా అందరి పేర్లూ ఒక్కొక్కటే పిలుస్తూ రికార్డు చేసుకుంటున్నారు. మధ్యలో గొంతు చీరుకుపోతే ఆగి, గుటక వేసి, మళ్ళీ మొదటినుంచి ఆ పేరే. నన్ను "అమ్మాయ్" అని పిలిచింది కూడా ఉంది. లోపలికి వెళ్ళలేకపోయాను.

గంటన్నర పట్టింది. మొత్తం కనబడిందన్నారు. మూడో రకం అని కాగితంలో రాశారు, అంటే కండరం కొంత తీశారట. రెండోరోజు ఇంటికి పంపించారు. నాలుక ఒక పక్క మొద్దుబారింది, రుచి తెలియడం లేదంటున్నారు. మెడలో గొట్టం లేదు, ముక్కులో గొట్టం లేదు. పలక మీద రాసిన మొదటి మాట: "నీళ్ళు".

మత్తుడాక్టర్
నాలుక మొద్దుబారడం ఆ ఇనుప గొట్టం నొక్కుడు వల్ల. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది.

పెద్దకూతురు
ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. అన్ని అంచులూ శుభ్రంగా ఉన్నాయి, ముందువైపు అంచు తప్ప. అక్కడ "క్యాన్సర్ కణాలు అంచుకి దగ్గరగా ఉన్నాయి" అని రాశారు. మళ్ళీ మొదటికొచ్చామా?

ఈఎన్‌టీ_సర్జన్
మొదటికి రాలేదు. లేజర్ వేడికి ముక్క అంచు కొంత మాడిపోతుంది, కుంచించుకుపోతుంది. ల్యాబ్‌లో కొలిచినదానికంటే అసలు అంచు ఎక్కువే ఉండొచ్చు. కానీ తిరగబెట్టిన కేసులో అలా అనుకుని ఊరుకోం. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్ళీ మత్తిచ్చి, ఆ చోట నుంచి ఇంకో పలుచని పొర తీసి పంపుతాం. ఇది ముందు నుంచీ ఉండే ప్లానే. దీన్ని ఆపరేషన్ ఫెయిలైందని అనుకోవద్దు.

ఈలోపు పెట్ స్కాన్ (క్యాన్సర్ ఉన్నచోటు వెలిగి కనిపించే స్కాన్) తీయించమని ఎవరైనా తొందరపెడితే ఆగమనండి. గాయం మానుతున్నప్పుడు కూడా అది వెలుగుతుంది, అనవసరమైన భయం.

పాతగొంతు
నాకు కూడా రెండోసారి అలాగే చేశారు. ఆ ఆరు వారాలు గడవడం కష్టం, తెలుసు. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే నాకు మెసేజ్ పెట్టమనండి మీ నాన్నగారిని. నాకు రాయడం ఇష్టం.

ఇంకో మాట. ఆయనకి పొగ అలవాటు ఉంటే ఇప్పుడైనా వదిలేయాలి. నేను రేడియేషన్ అయ్యాక కూడా చాటుగా రోజుకి రెండు కాల్చేవాణ్ణి. లేజర్ ముందు మా డాక్టర్ గారికి చెప్పుకున్నాను. ఆయన తిట్టలేదు, "ఆ రెండూ నాకివ్వు" అని చెయ్యి చాపారు. ఆ రోజుతో ఆఖరు.

పెద్దకూతురు
రెండోసారి అయింది. ఆ పొరలో ఏమీ లేదు. శుభ్రం.

ఆ కాగితం నేను మూడుసార్లు చదివాను, నాన్న ఐదుసార్లు. తర్వాత మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు, ఇంకా అందులోనే ఉంది.

గొంతు గాలి కలిసినట్టు ఉంది. ఫోన్‌లో సగం మాటలు అర్థం కావు, ఎదురుగా కూర్చుంటే అన్నీ అర్థమవుతాయి. నీళ్ళు తాగితే మొదట్లో పొలమారేది, తల కాస్త వంచి మింగమని థెరపిస్టు నేర్పాక తగ్గింది.

గొంతుశిక్షణ
చాలా సంతోషమండీ. మూడు నెలల తర్వాత మళ్ళీ రికార్డు చేయించండి. పాతదానితో పోల్చి చూస్తే ఆయనకే హుషారు వస్తుంది.

చిన్నకోడలు
ఇంక ఎన్నాళ్ళు చూపించుకుంటూ ఉండాలి? మా మామగారికి వచ్చేవారం లేజర్, అందుకే అడుగుతున్నా.

ఈఎన్‌టీ_సర్జన్
తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం మొదటి రెండేళ్ళలోనే కనిపిస్తాయి. మొదటి ఏడాది నేనైతే నెలనెలా, కనీసం రెండు నెలలకోసారి కెమెరాతో చూస్తాను. తర్వాత దూరం పెంచుతాం, ఐదేళ్ళ దాకా వదలం. మధ్యలో గొంతు మారినా, చెవిలోకి పోటు వచ్చినా, మింగితే నొప్పి వేసినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.

రేడియేషన్ తగిలిన గొంతులో లేజర్ చేసినచోట ఎర్రటి కండ పెరగడం మామూలే. అది ఉన్నంతకాలం మాకు అనుమానమే, ముక్క తీసి చూస్తాం. కానీ మాటిమాటికీ ముక్కలు తీస్తే మృదులాస్థి బయటపడి కుళ్ళే ప్రమాదం ఉంది, అందుకని ఆచితూచి తీస్తాం.

మెడకి రేడియేషన్ తీసుకున్న ప్రతి ఒక్కరూ ఆరు నెలలకో, ఏడాదికో థైరాయిడ్ టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి. థైరాయిడ్ కూడా ఆ దారిలోనే ఉంటుంది. నీరసం, చలి వేయడం, గాయం మానకపోవడం ఇవన్నీ జబ్బు వల్లే అనుకుని చాలామంది ఈ పరీక్ష మరిచిపోతారు.

పెద్దకూతురు
నాన్నకి ఆ పరీక్ష ఎవరూ చేయించలేదు. మధ్యాహ్నం మంచం దిగరు, ఎప్పుడూ దుప్పటి కప్పుకునే ఉంటారు. దిగులేమో అనుకున్నాం. రేపు పొద్దున్నే చేయిస్తాను.

పెద్దకూతురు
టీఎస్‌హెచ్ 21 వచ్చింది. ఇవాళ్టి నుంచి మాత్ర మొదలుపెట్టాం. కెమెరా పరీక్ష 18వ తేదీన. ఆ సాయంత్రం ఇక్కడ రాస్తాను. పాతగొంతు గారూ, నాన్న మీకు మెసేజ్ పెట్టారట, చూశారా?

పాతగొంతు
చూశానమ్మా. రాత్రి పదకొండు దాకా రాసుకున్నాం.